ఆటకు వీపు పెట్టి నిలబడ్డ పోలీసు

సంగారెడ్డి వైపు ఒక రోజు ప్రయాణం గురించి రాయమని ఈ బ్లాగు చదివే మిత్రులు చాలా రోజులుగా అడుగుతున్నారు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ గుడి గురించి ఇప్పటికే ఎంతోమంది రాశారు, నాకంటే బాగా రాశారు. నాకు బాగా గుర్తున్నది డెబ్బైల మధ్యలో ఆ దారిన చేసిన ఒక ఆదివారం ప్రయాణం. అది మొదలైందే నా గొప్పల వల్ల. అప్పట్లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరుని. మాది తెనాలి వైపు. కాలనీలో సగానికి సగం మా వైపు నుంచి ఉద్యోగాలకొచ్చి స్థిరపడ్డవాళ్లే. కొత్త యంత్రం బిగించడానికి ఇటలీ నుంచి మార్కో అనే ఆయన వచ్చాడు. మనిషి నెమ్మది, కానీ ఫుట్‌బాల్ మాటెత్తితే చాలు, అన్నం చల్లారిపోయినా పట్టించుకునేవాడు కాదు.

ఒకరోజు క్యాంటీన్‌లో తన ఊరి సంగతి చెప్పాడు. అక్కడ జట్టు ఓడితే అభిమానులు వీధుల్లో పడి కొట్టుకుంటారట. మైదానం చుట్టూ ఇనుప కంచె, రిఫరీని వెనక గుమ్మం గుండా పోలీసు వ్యానులో దాటించడం, అన్నీ మామూలేనట. పోలీసులు ఆటకు వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి నిలబడతారట. "పాపం, మైదానంలోనే ఉంటారు, ఒక్క గోలూ చూడరు" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. మా దేశంలో ఆటకు సోడాలమ్మేవాళ్లు కావాలి గాని పోలీసులెందుకండీ అన్నాను. మా జనం ఎంత శాంతస్వభావులో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఆదివారమే సంగారెడ్డి జట్టుతో మా ఫ్యాక్టరీ జట్టుకి ఆట ఉంది, వచ్చి మీ కళ్లతో మీరే చూడండి అని పిలిచాను కూడా.

భోజనాలయ్యాక అభిమానుల కోసం కంపెనీ బస్సు వేశారు. మామూలు బస్సయితే రూపాయికి అటూ ఇటూ టిక్కెట్టు, పటాన్‌చెరులో దిగి మారాలి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా గంట పైనే. కంపెనీ బస్సు కిటికీలన్నిటికీ ఇనుప జాలీలున్నాయి. ఇవెందుకయ్యా అని డ్రైవర్ జహంగీర్‌ని అడిగాను.

"పోయిన సాల్ అద్దాలు పలగ్గొట్టిండ్రు గద సాబ్."

"సంగారెడ్డివాళ్లా?"

"కాదు సాబ్, మనోళ్లే. ఓడిపోయినమని."

ఏం చెప్పాడని మార్కో అడిగాడు. దుమ్ము ఎక్కువట, అందుకని జాలీలు అన్నాను. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

పటాన్‌చెరులో చాయ్ కోసం ఆగాం. మిరపకాయ బజ్జీలు వేస్తున్న వంటాయన మార్కోని ఎగాదిగా చూసి, "దొర కారం తింటడా? లేకుంటె గింజలు దీసి ఏస్త" అన్నాడు. గింజలు తీసి వేసిన బజ్జీలే మార్కో వరసగా లాగించి, కళ్లలో నీళ్లు పెట్టుకుని, ఇంకా కావాలన్నాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. మా కాలనీలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ప్రసాదరావు గారు, లెక్కల సెక్షన్‌లో పనిచేసే పెద్దమనిషి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పొట్లం విప్పి మార్కో చేతికిచ్చారు. "అతిథి కదండీ, మొదట ఆయన తినాలి" అన్నారు. అంత మర్యాదస్తుడు. నాకు ఛాతీ ఉబ్బిపోయింది.

మూడు కాకముందే మైదానం చేరాం. కంచె లేదు, సున్నపు గీత ఉంది. ఆ గీత పొడవునా పోలీసులున్నారు. ఆటకు వీపు పెట్టి, ముఖాలు మా వైపు పెట్టి నిలబడ్డారు. మార్కో నా వైపు చూసి, వేలితో వాళ్లను లెక్కపెట్టసాగాడు. ఎగతాళి చేసినా బాగుండేది. అవతలి గట్టు మీద సంగారెడ్డి వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు కూర్చున్నారు. అటు ఇద్దరే పోలీసులు. మిగతా అందరూ మా కోసమే. విదేశీయుడు ఉన్నాడని మమ్మల్ని గోలు పక్కన, ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు.

మా ఎదురుగా నిలబడ్డ కానిస్టేబుల్ నడివయసువాడు, పేరు యాదగిరి. విరామం తర్వాత జట్లు వైపులు మారాక, పెదవులు కదిలీ కదలకుండా నన్ను పలకరించాడు.

"సార్, జెర ఏమైతున్నదో చెప్పుండ్రి. గోలుకాడ నిలబడ్డోడు మా తమ్ముడు."

సంగారెడ్డి గోల్‌కీపర్ పేరు మల్లేశు. వీళ్లది కర్దనూర్ అనే పల్లె. మల్లేశు మా ఫ్యాక్టరీలోనే రోజు కూలీగా ఇనుము మోస్తున్నాడట. బాగా ఆడితే మా జట్టులోకి తీసుకుని ఉద్యోగం పర్మనెంటు చేస్తామని ఎవరో పెద్దసారు చెప్పాడట. ఎల్లుండి ఆఫీసుకి రమ్మన్నారట. "ఎన్కకు తిరిగి సూస్తె మా ఎస్సై సాబ్ బెల్టు గుంజుకుంటడు, నౌకరి పోతది" అన్నాడు యాదగిరి.

అలా నేను ఒక వైపు మార్కోకి మా వాళ్ల పేర్లు చెబుతూ, ఇంకో వైపు యాదగిరికి తమ్ముడి ఆట చెబుతూ కూర్చున్నాను. కుడి వైపు దూకాడు, పట్టాడు. పిడికిలితో కొట్టి పంపాడు. కాళ్ల దగ్గర పడి లాక్కున్నాడు. ఒక్కో మాటకీ ఆయన మీసం కొద్దిగా కదిలేది, అంతే. తమ్ముడు అంత బాగా ఆడుతుంటే అన్న ఆ వార్త నా నోటి ద్వారా వింటున్నాడు. నిజం చెప్పొద్దూ, మా జట్టు గెలవాలన్న సంగతే నేను మరిచిపోయాను.

సంగారెడ్డి వాళ్లు ఒక గోలు వేశారు. ఇక మా వాళ్ల నోళ్లకు తాళం లేదు. బూతులు మొదలైతే మార్కోకి అర్థం కాదులే అనుకున్నాను. బూతులు ఏ భాషలోనైనా అర్థమవుతాయని ఆయన ముఖం చూశాకే తెలిసింది. నా వెనక నుంచి ఒక గొంతు, "రేపు గేటు దగ్గర కనపడరా కూలోడా, నీ సంగతి చూస్తాం!" అంది. తిరిగి చూస్తే ప్రసాదరావు గారు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఇందాక అతిథికి పులిహోర పెట్టిన మనిషేనా అనిపించింది. యాదగిరి ఆ మాట విన్నాడు. వినకుండా ఎలా ఉంటాడు, ముఖం మా వైపే కదా.

ఆట అయిపోతుందనగా మాకు పెనాల్టీ వచ్చింది. మైదానమంతా సద్దుమణిగింది. "ఏంది సార్, ఏమైతున్నది?" అన్నాడు యాదగిరి. చెప్పాను. కళ్లు మూసుకున్నాడు. మా వాడు తన్నాడు. మల్లేశు గాల్లోకి లేచి రెండు చేతులా పట్టేశాడు. "పట్టాడయ్యా! మీ తమ్ముడు పట్టేశాడు!" అని అరిచాను. యాదగిరి మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వాడు.

ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ఆయన కళ్లు నా తల మీదుగా వెనక్కి పోయాయి. "ఆగుండ్రి సార్! అద్దు సార్, అద్దు!" అని చేతులు చాచాడు. ఇటుక ముక్క ఒకటి మా మీదుగా, ఆయన మీదుగా ఎగిరిపోయింది. నేను వెనక్కి చూశాను. ప్రసాదరావు గారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

జనం గోల ఒక్కసారి ఆగిపోయింది. యాదగిరి అప్పుడు కూడా వెనక్కి తిరగలేదు. "ఏమైంది సార్? అందరు గమ్మునయిండ్రేంది? చెప్పుండ్రి సార్!" అన్నాడు. అప్పటిదాకా అన్నీ నేనే చెప్పాను కదా, అదీ నేనే చెప్పాలి. "మీ తమ్ముడికి తగిలిందయ్యా, పడిపోయాడు" అన్నాను. అప్పుడు తిరిగాడు.

ఈలలు, లాఠీలు, ఉరుకులు. మా వాళ్ల వీపుల మీద దెబ్బలు పడుతుంటే నాకు ఒక్కరి మీదా జాలి కలగలేదు. మల్లేశుని కూర్చోబెట్టి నుదుటికి తువ్వాల కట్టారు. స్పృహలోనే ఉన్నాడు, బంతిని మాత్రం వదల్లేదు. ఎస్సై మా బెంచీల దగ్గరికి వచ్చి యాదగిరిని పిలిచాడు.

"నువ్ ఇటే చూస్తుంటివి గద. ఎవడు కొట్టిండు?"

యాదగిరి మా వరసలన్నీ చూశాడు. చూపు ప్రసాదరావు గారి మీద ఒక్క క్షణం నిలిచి, జరిగిపోయింది. నేను ఉండబట్టలేక లేచి నిలబడ్డాను. "నేను చెప్తానండీ" అన్నాను.

"సార్‌కు తెల్వదు సాబ్," అని యాదగిరి నా మాటకు అడ్డొచ్చాడు. "సార్ నాతోని మాట్లాడుతుండె, ఎన్కకు సూడలే. నేను గూడ సూడలే."

ఎస్సై విసుక్కుంటూ అవతలికి పోయాడు. యాదగిరి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మీ కాలనీ సారు మీద కేసైతె ఎల్లుండి మావోన్ని గేటు లోపటికి రానిస్తరా? మీకు దండం పెడత సార్. మీరు మంచి చేస్తనని మావోని పొట్ట కొట్టకుండ్రి." నేను చెప్పదలచుకున్న నిజం వాళ్లకే నష్టమైతే, ఇక ఎవరి కోసం చెప్పాలి? కూర్చున్నాను. ఆ బెంచీ మీద కూర్చున్నంత సిగ్గుగా నేను ఇంకెక్కడా కూర్చోలేదు.

తిరుగు బస్సులో కంది దాటాక ప్రసాదరావు గారు మిగిలిన పులిహోర తెచ్చి, "కాస్త తీసుకోండి, మధ్యాహ్నమెప్పుడో తిన్నారు" అన్నారు. వద్దన్నాను. మార్కో చీకటి పడుతున్న పొలాల నుంచి నా వైపు తిరిగి అడిగాడు.

"ఆ కానిస్టేబుల్ ఇన్స్పెక్టర్‌కి ఏం చెప్పాడు?"

"తాను చూడలేదన్నాడు."

"అతను చూసింది మనల్నే కదా?"

మీ ఊళ్లో పోలీసులు కూడా ఇలాగే అంటారా అని అడగాలనిపించింది. అలా అడగడం కూడా తప్పించుకోవడమే అని ఊరుకున్నాను.

మల్లేశుకి ఉద్యోగం వచ్చింది. కనుబొమ మీద మచ్చతో మా జట్టుకి చాలా ఏళ్లు గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు. మొదటి కప్పు గెలిచిన రోజు కాలనీ తరఫున దండ వేసింది ప్రసాదరావు గారే. మల్లేశు వంగి, "నమస్తె సార్" అన్నాడు. ఇటుక ఎవరిదో అన్న చెప్పే ఉంటాడు. తెలిసే తల వంచాడు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను, అరచేతులు మండేదాకా. ఊరు కాని ఊరొచ్చి బతుకుతున్న మాకు అక్కడివాళ్లు అంతగా తల వంచాల్సి వచ్చిందంటే, ఆ సిగ్గు ఒక్క ఇటుక విసిరినవాడిది మాత్రమే అనుకోలేకపోయాను. ఇప్పటికీ అనుకోలేను.

అటు వెళ్లి ఆట చూడాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ఎండాకాలమైతే నాలుగు తర్వాతే బయల్దేరండి, మామూలు బస్సులోనే వెళ్లండి. మైదానంలో మీ వాళ్ల మధ్య కూర్చోకండి. అవతలి గట్టు మీదికి పోయి అడిగితే జరిగి చోటిస్తారు. మనవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో అక్కడి నుంచే కనిపిస్తుంది.