తాగకుండా ఊదగలనా?

సహోదరులారా, మందు పడందే నా వేళ్లు సాక్సోఫోన్ మీటల మీద నిలవని రోజుల నుంచి మొదలుపెడతాను. పాలకొల్లులో మా నాన్న పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. నేను చెన్నై వెళ్లి, ఒక హోటల్లో జాజ్ విని, పాటను కాసేపు వదిలేసి అప్పటికప్పుడు కొత్త స్వరాలు అల్లుకుంటూ పోయి మళ్లీ పాటలోకి వచ్చే ఆ విద్యకు దాసుణ్నయిపోయి, టెనర్ సాక్సోఫోన్ పట్టుకుని ఇరవై ఏళ్లు అక్కడే ఉండిపోయాను. ఆ అల్లిక తాగితేనే వస్తుందని నమ్మాను! సాక్సోఫోన్ మూతికి రీడ్ అనే పలచని రెల్లుబద్ద బిగిస్తారు, అది తడిగా ఉంటేనే పలుకుతుంది. నీళ్లతో తడిపితే సరిపోయేదానికి మా బృందం వాళ్లం బ్రాందీలో నానబెట్టేవాళ్లం, నాదం మెత్తబడుతుందని. చివరికి కాలేయం దెబ్బతింది, ఊపిరి తగ్గింది, హోటల్ వాళ్లు పొమ్మన్నారు.

ఇంటికొచ్చాక నా భార్య సువార్తమ్మ, పాస్టరుగారు చెరో పక్కన మోకరించగా, "ప్రభువా, నా వల్ల కావట్లేదు, నువ్వే పట్టుకో" అని ఏడ్చాను. వైద్యం చేయించుకున్నాను, సీసాలన్నీ పారబోశాను, బాప్తిస్మం పొందాను. ఆరు నెలలు చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ!

అప్పుడు పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో వాయించమన్నారు. తాగకుండా ఊదగలనా? మందిరంలో, డబ్బాలోంచి రీడ్ తీసి, బిగించబోయే ముందు అలవాటుగా నోట్లో పెట్టుకున్నానో లేదో, ఒళ్లంతా ఒకటే దాహం! సాక్సోఫోన్ బల్ల మీద వదిలేసి, రీడ్ చేత్తోనే బయటికి నడిచాను. గేటు దగ్గర సువార్తమ్మ అందుకుంది.

"ఎక్కడికండీ?"

"నాలో దయ్యం పోలేదే. నోరంతా బ్రాందీ."

ఆమె రీడ్ లాక్కుని వాసన చూసింది. "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మీతోపాటు ఈ పుల్ల కూడా తాగిందండీ! దీన్ని డబ్బాలో దాచుకుని మీరొక్కరే బాప్తిస్మం తీసుకున్నారేంటి?"

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సీసాలన్నీ వెతికి పారబోసినవాడికి ఆ డబ్బా ఎందుకు తట్టలేదు? మనల్ని కట్టేసినవి ఇంకా ఎక్కడెక్కడ దాక్కుని ఉంటాయో అని అప్పటినుంచి నాకు ఆరా ఎక్కువైంది.

లోపలికి తిరిగొచ్చి, డబ్బాలోని పాత రీడ్లన్నీ విరిచేశాను. ప్యాకెట్ విప్పని కొత్త రీడ్ గ్లాసు నీళ్లలో తడిపి, "ప్రభువా, ఈ ఒక్క పాటకు ఊపిరియ్యి" అని మొదలుపెట్టాను. నాదం సన్నగా, వణుకుతూ వచ్చింది. మూడో చరణంలో, నేను అనుకోకుండానే, వేళ్లు పాట దాటి అల్లుకుంటూ వెళ్లిపోయాయి! సంఘమంతా తికమకపడి ఆగిపోయింది. సువార్తమ్మ ఒక్కతే పాట వదలకుండా పాడుతూ ఉంది, నేను తిరిగొచ్చేదాకా.

దాహం ఆ రోజుతో మాయమైందని అబద్ధమాడను. ఇప్పటికీ వస్తుంది, మోకరిస్తాను, పోతుంది. ఎలా పోతుందో తెలియదు, పోగొట్టేవాడు తెలుసు, ఆయనకే స్తోత్రం! మీరూ ఆయన్ని అడిగి చూడండి. ఒంటరిగా మోకరించడానికి సిగ్గనిపిస్తే మా ఇంటికి రండి, పక్కన నేనుంటాను.