మా ఆడపడుచు మిషను దిగింది

మా ఆడపడుచు కాలరు కుడితే ఇస్త్రీ పెట్టె అక్కర్లేదనేవారు. ఆమె పనిచేసే బట్టల కంపెనీలో కుట్టుమిషన్ల గదికి మా ఆయనే సూపర్‌వైజరు. ఆయన పోయాక యజమాని ఆ బాధ్యత ఆమెకిచ్చాడు. "స్కూలు యూనిఫారాల ఆర్డరు టైముకి వెళ్లాలి. వెళ్లకపోతే బయటి మనిషిని తెచ్చుకుంటాను, ఏమీ అనుకోకు" అని ముందే చెప్పాడు. అన్న కుర్చీ పరాయివాళ్లకి పోకూడదని ఆమె పట్టుదల.

పట్టుదల మంచిదే, పని మాత్రం వెనకబడింది. ఎవరి కాలరు కాస్త వంకరపోయినా లాక్కుని విప్పేది, తనే కుట్టేది. ఈలోగా ఒక మూల దారం అయిపోయి మిషన్లు ఆగేవి, ఇంకో మూల ఇద్దరు కీచులాడుకునేవారు. చూసే నాథుడు లేడు.

"నువ్వెలాగూ విప్పుతావుగా అక్కా, మాకెందుకు శ్రమ?" అందట ఒక పిల్ల. గది గదంతా నవ్విందట.

ఆ సాయంత్రం మా ఆడపడుచు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడింది. "అన్నయ్యకి నా అంత బాగా కుట్టడం కూడా రాదు. ఎలా నడిపాడు వదినా?"

నేనా గది మొహమైనా చూడలేదు. ఆయన ఇంటికొచ్చి చెప్పిన మాటలే నాకు తెలుసు. "ఫలానా ఆమెకి చూపు ఆనడం లేదు, ఫలానా పిల్ల చెయ్యి చురుకు, వాళ్లిద్దరికీ పడదు, దూరంగా కూర్చోబెట్టాలి... ఇవే చెప్పేవారు. కాలర్ల ఊసెత్తినట్టు గుర్తులేదమ్మా" అన్నాను. చెబుతుంటే ఆయన గొంతే వినపడ్డట్టయి, లేచి వంటింట్లోకి వెళ్లాను.

మర్నాడు ఆమె మిషను ముందు కూర్చోలేదు, మనుషుల మధ్య తిరిగింది. చూపు ఆనని పెద్దామెను కాలర్ల నుంచి జేబులకు మార్చింది.

"నన్ను పక్కన పెడుతున్నావుటే?" అని పెద్దామె అలిగింది.

"జేబు ఊడితే పిల్లల చిల్లర పోతుంది పెద్దమ్మా. నీ కుట్టయితే ఊడదు."

ఎగతాళి చేసిన పిల్లకే కాలర్లు అప్పగించింది. మొదటిది వంకరగానే వచ్చింది. లాక్కుని విప్పాలని మా ఆడపడుచుకి చేతులు దురద పెట్టాయట. ఓర్చుకుని, "నువ్వే విప్పు, నేను పక్కనే ఉంటాను" అంది. పిల్ల సణుగుతూనే విప్పింది. మెల్లగా చెయ్యి కుదిరింది.

ఆర్డరు గడువులోనే వెళ్లింది. కొన్ని కాలర్లు ఆమె కుట్టినంత బాగా లేవు, అయినా ఒక్క చొక్కా తిరిగి రాలేదు. బయటి మనిషి మాట యజమాని మళ్లీ ఎత్తలేదు. పైగా, మేడమీద కత్తిరింపు విభాగం కూడా ఆమెనే చూడమన్నాడు.

"కత్తిరింపులో నాకు ఓనమాలు రావు వదినా!"

"మంచిదేగా. ఎవరి చేతిలోంచీ లాక్కోలేవు, అడిగి తెలుసుకోవాల్సిందే."

నావంక కొరకొరా చూసి పక్కున నవ్వింది. "అక్కడి పెద్దాయన మహా కోపిష్టి. తిడితేనో?"

"తిట్టించుకో. పెద్ద ఉద్యోగం మరి" అన్నాను.