మొహం పాడైన ఆవిడ

కాఫీ మెషీన్ కడగడానికి వెనిగర్ పోసినప్పుడల్లా చిన్నప్పుడు మేమున్న అమెరికా ఊరు షామ్‌బర్గ్‌లో మా పక్కింటి రమ ఆంటీ బేస్‌మెంట్ గుర్తొస్తుంది.

నేను స్కూలుకి వెళ్ళలేదు, అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. ఆ వీధిలో నాకున్న స్నేహమల్లా ఆంటీయే. "మొగుడూ పిల్లలూ లేరు. తాళం వేసుకుని కింద ఏం చేస్తుందో!" అనేది అమ్మ. ఒకరోజు కంచె పక్కన ఆంటీ ఫోన్‌లో అనడం విన్నాను: "ఆవిడ మొహం పాడైపోయింది. చేతులు బాగానే ఉన్నాయి. రేపు కట్ చేసి అతికిస్తా."

పరుగెత్తుకెళ్ళి అమ్మకు చెప్పాను.

"ఇక ఆ గడప తొక్కకు," అంది అమ్మ. అయినా ఉండబట్టలేక, పులిహోర ఇచ్చే వంకతో నన్ను వెంటబెట్టుకుని తనే వెళ్ళింది.

కింద శవం లేదు. పాడైపోతూ వెనిగర్ వాసన కొట్టే పాత ఫిల్ము చుట్టలున్నాయి. వాటిని బాగుచెయ్యడమే ఆంటీ ఉద్యోగమట. షూటింగ్ జరుగుతుండగా తీసిన ఒక ముక్కను లైటుకి పట్టి చూపించింది. మొహం చోట మరకపడ్డ ఒకావిడ కెమెరా పక్కన నిలబడి, చెయ్యి చాపి మగవాళ్ళకి ఏదో పురమాయిస్తోంది.

"మాటల్లేని సినిమాల కాలం వదినా. ఈవిడే డైరెక్టర్. టైటిల్లో మాత్రం మొగుడి పేరేశారు."

"ఊరుకుందా?" అంది అమ్మ, గిన్నె ఇవ్వడం మర్చిపోయి.

"లేదు. ఆయన్నొదిలేసి ఇంకో సినిమా తీసింది."

మర్నాటి నుంచి అమ్మే నన్ను ఆంటీ దగ్గరికి పంపింది. అమ్మనీ ఆంటీనీ నాకిచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. అమ్మ అనుమానం మాత్రం పోలేదు, చోటు మారిందంతే. టీవీలో ఏ పాత సినిమా మొదలైనా, దర్శకుడి పేరు రాగానే కళ్ళు చిట్లించి అడిగేది: "నిజంగా ఈయనే తీశాడంటావా?"