పెద్దమ్మ మీద పడ్డ నింద

కొత్తవాడలో జంపఖానాలు నేయించే సంఘం ఒకటుంది. వాళ్ల కంప్యూటర్లు చూసుకునేది నేను. డిజైన్లన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి. పోయిన వానకాలం దానికేం రోగమొచ్చిందో గానీ, వారం తిరక్కముందే ఫైల్ సిస్టమ్ చెడిపోయిందని ఎర్రర్ చూపించేది. నేను వెళ్లి రిపేర్ కమాండ్ కొట్టేవాణ్ణి. లేచి కూర్చునేది. నాలుగు రోజులకు మళ్లీ మొదటికొచ్చేది. డిస్క్ మార్చాను, కేబుల్ మార్చాను, కరెంటోళ్లను తిట్టాను.

ప్రతిసారీ దెబ్బతినేది పెద్దమ్మ గీసిన డిజైన్లే. ఆమె నాకు చుట్టం కాదు, సంఘంలో అందరికీ పెద్దమ్మే. మగ్గం మీద పెరిగిన మనిషి. అరవై దాటాక మౌస్ పట్టడం నేర్చుకుంది. తాను గీసిన నెమలి స్క్రీన్ మీద కనిపిస్తే చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పుకునేది. రోజంతా ఫైళ్లు సేవ్ చేసేది ఆమె ఒక్కతే కాబట్టి చెడిపోయేవీ ఆమెవే. ఆ సంగతి తెలిసి కూడా ఒకరోజు చిరాకులో నోరు జారాను.

“ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా? నువ్వు చెయ్యి పెట్టంగనే ఇది పండుకుంటాంది!”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మర్నాటి నుంచి మాత్రం చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని గానీ కంప్యూటర్ ముందు కూర్చునేది కాదు.

“నేనేమన్న తప్పు బటన్ ఒత్తుతున్ననా బిడ్డా?” అని అడిగేది.

లేదు అనడానికి నాకు నోరు రాలేదు. మరి తప్పెవరిదని సంఘం సెక్రటరీ అడిగితే ఏం చెప్పాలి?

నిజానికి నేను చూడకుండా వదిలేసింది ఒక్కటే, మెమరీ. ఫైలు డిస్క్ మీదికి వెళ్లే ముందు కాసేపు అందులోనే ఉంటుంది. అది పాడైతే డిస్క్ ఎన్నిసార్లు మార్చినా చెత్తే రాస్తుంది. ఇది నాకు తెలియనిదేం కాదు. కానీ ఆ మెమరీ హనుమకొండలో మా బామ్మర్ది దుకాణం నుంచి తెచ్చింది. ఆ ఇంటి అల్లుణ్ణి నేను. వాడి సరుకుకే పరీక్ష పెట్టానని తెలిస్తే అత్తగారింట్లో అందరూ మొహం మాడ్చుకుంటారు. పైగా, “మనోని దగ్గర్నే తెద్దాం సార్, ఫికర్ లేదు” అని సెక్రటరీకి చెప్పింది కూడా నేనే.

ఇంతలో పెద్దమ్మ కంప్యూటర్ మానేసింది. గ్రాఫ్ కాగితం, పెన్సిలు తెచ్చుకుని బయట కిటికీ పక్కన కూర్చుంది. గది ఖాళీ అయింది కదా అని ఆ రోజే తలుపేసుకుని మెమరీకి టెస్ట్ పెట్టాను. స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. వేరేది కొనుక్కొచ్చి, చప్పుడు చేయకుండా బిగించి వెళ్లిపోయాను.

ఆ తర్వాత సర్వర్ చెడిపోలేదు. వారాలు గడిచాయి. సంఘంలో అందరిదీ ఒకటే మాట: “పెద్దమ్మ చెయ్యి తీసిన సంది మిషన్ మంచిగ నడుస్తాంది.”

సెక్రటరీ నా భుజం తట్టి చాయ్ తెప్పించాడు. గ్లాసు అందుకున్నాను. కిటికీ పక్కన ఆమె తల వంచుకుని గళ్లు నింపుకుంటోంది. ఆ మాట ఆమెకూ వినపడింది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

గ్లాసు పక్కన పెట్టి, లేచి అందరి ముందూ చెప్పేశాను. “పెద్దమ్మది తప్పు లేదు సార్. మా బామ్మర్ది ఇచ్చిన మెమరీ ఖరాబైంది. నేనే చూడలే. చూసినంక గూడ మీకు చెప్పలే.”

ఆమె దగ్గరికి వెళ్లి, “లోపలికొచ్చి కూసో పెద్దమ్మా, మల్ల గీయి” అన్నాను.

ఆమె పెన్సిలు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

“నా కోసం మీ ఇంటోళ్ల మీద నింద ఎందుకేస్తున్నవ్ బిడ్డా? నా చెయ్యి సంగతి నాకు తెల్వదా? నీ మనసు మంచిది. పో, జర ఆ చాయ్ తాగు, సల్లగైతాంది.”