అడగని పుస్తకాలు

కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఆవిడను అందరూ బీరువాలక్క అంటారు. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, రెండో చేత్తో పుస్తకాల వీపులు తడుముకుంటూ నడుస్తుంది. కళ్ళకంటే వేళ్ళమీదే ఆవిడకు గురి. కంప్యూటర్లో వెతకడం వచ్చాక విద్యార్థులు తెరమీద ముందు కనబడ్డవే అడుగుతున్నారు. కంప్యూటర్లోకి ఎక్కని మూడో అంతస్తు పుస్తకాల జోలికి ఎవరూ పోవడంలేదు. ఏడాదిపాటు ఎవరూ ముట్టనివాటిని తూకానికి వేసేస్తారని విని ఆవిడ ప్రాణం ఉసూరుమంది. అప్పటినుంచి రోజూ సాయంత్రం బీరువాల్లోంచి ఆరు పుస్తకాలు తీసి అక్కడి బల్లమీద పెట్టి, గదికి తాళం వేసుకుని పోతోంది. బల్లమీద ఉన్నవన్నీ ఎవరో చదివినవేనని గుమాస్తా పొద్దున్నే రాసుకుంటాడు.

ఒకనాటి పొద్దున ఆవిడ తాళం తీయగానే గుమాస్తా వెనకాలే వచ్చి లెక్కపెట్టాడు.

“పదకొండున్నాయే అక్కా! నిన్న బాగానే వచ్చినట్టున్నారు జనం.”

ఆవిడ పెట్టినవి ఆరే. ఉన్న ఒక్క తాళంచెవీ రాత్రంతా ఆవిడ సంచిలోనే ఉంది. తక్కిన అయిదూ తెరిచి ఉన్నాయి. వాటి ముందు అయిదు కుర్చీలు, మనిషి కూర్చునేంత వెనక్కి జరిగి ఉన్నాయి.

“రాసుకో నాయనా, పదకొండూ రాసుకో,” అంది మెల్లగా.

గుమాస్తా కిందికి వెళ్ళాక, తెరిచిన పుస్తకాలను ఆవిడ మూయలేదు. ఆ కుర్చీలకు తగలకుండా, గోడవారగా ఒదిగి నడిచి బయటికి వచ్చింది.