పూతకు ముందు పోసిన మందు

2019 జనవరి 8, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నాలుగో పెట్టె ముందు నేల మీద పాకుతున్న తేనెటీగను చూశాను. రెక్కలు ముడుచుకుపోయి ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే వీపు మీద ఆవగింజలో సగమంత ఎర్ర నల్లి, ఈగను పీల్చి చంపేది. కట్టంగూర్ దగ్గర మా బత్తాయి తోటలో అప్పటికి పన్నెండు పెట్టెలు. అయిదేళ్లుగా వాటిని చూసుకుంటున్నది నేనే. నెలలోపు పూత వస్తుంది. అప్పటిదాకా ఈగలను బతికించుకోవాలి.

బత్తాయి పూయాలంటే ముందు చెట్టును వాడబెడతారు. మా ఆయన డిసెంబర్ 12న తోటకు నీళ్లు ఆపారు. అదే రోజు నేను ఈగలకు చక్కెర పాకం పెట్టడం మొదలుపెట్టాను, పూత నాటికి బలంగా ఉండాలని. ఆయన చూసి నవ్వారు.

"చెట్లకు ఉపాసం, ఈగలకు పండుగనా?"

"నీ చెట్లు నీయి, నా ఈగలు నాయి. జర నీ పని చూసుకో."

జనవరి 11న నల్లిని చంపే మందు, ఆక్సాలిక్ ఆమ్లం పోశాను. చక్కెర నీళ్లలో కలిపి, సిరంజితో, పట్టు కట్టే చట్రాల మధ్య ఒక్కో సందులో అయిదు మిల్లీలీటర్లు. చలికాలంలో ఒక్కసారి పోస్తే చాలని నా దగ్గరున్న మందు కాగితంలో ఉంది. చలి ఉండనే ఉంది. ఒక్క చుక్క ఎక్కువ పడనివ్వలేదు. మూడో రోజుకు నాలుగో పెట్టె అడుగున పరిచిన తెల్లకాగితం మీద 212 నల్లులు రాలాయి. గండం గడిచిందనుకున్నాను.

24న పెట్టెలు తెరిస్తే కొత్తగా పుట్టిన ఈగల మీద మళ్లీ నల్లులే. నాకు పెట్టెలు అమ్మిన రామన్నపేట పెద్దాయనకు ఫోన్ చేశాను.

"రాణి గుడ్లు పెడ్తాందా అమ్మా?"

"మస్తు పెడ్తాంది," అన్నాను, గర్వంగానే.

"గదే తప్పయింది. చలికి రాణి గుడ్లు ఆపితేనే గా మందు ఒక్కసారికి పనిచేస్తది. పిల్లలున్న గదులకు మైనం మూత పడ్తది గదా, నల్లి గా మూత కిందనే పెరుగుతది. మందు ఆడికి పోదు. నువ్వు పాకం తాపి గుడ్లు పెట్టిచ్చినవ్. రాణిని గుడ్లు పెట్టకుంట మూడు వారాలు జాలి డబ్బిల ఆపి, గదులు ఖాళీ అయినంక పొయ్యాలె."

"మరి ఇప్పుడు?"

"మళ్ల పొయ్యకమ్మా. ఈగలే తట్టుకోవు."

మొగ్గలు అప్పటికే కనిపిస్తున్నాయి. మూడు వారాలు ఆగితే పూత దాటిపోతుంది. ఫిబ్రవరి 1న ఒకసారి, 8న ఒకసారి పోశాను. అదే కొలత.

ఆ ఏడు తోట విరగబూసింది. ఆయన చెట్ల కింద నిలబడి చెవి ఒగ్గి విన్నారు. "సప్పుడే లేదేందే," అన్నారు. ఉపాసం మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తి తిడితే బాగుండేది.

మార్చి 19న రాసిన లెక్క ఇది. పెట్టెలు పన్నెండు. ఈగలు చచ్చి ఖాళీ అయినవి తొమ్మిది. ఈగలు విడిచి పోయినవి రెండు. మిగిలిన ఒకదాంట్లో రాణి, చుట్టూ నలభై మూడు ఈగలు.

23న అవీ లేవు.