మూసీ ఇసుకలో గాలి చక్రాలు

మా నాయన ఎడ్లబండికి గాలి కొట్టిన పాత లారీ చక్రాలు బిగించిన ఏడాది, వడ్ల బస్తాలతో సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు బయల్దేరాం. నాయనమ్మ మా బండి ఎక్కనంది.

"గాలి మీద కూసుంటరా ఎవలన్న? పేలితే?"

మాతోపాటే బయల్దేరిన మా పెదనాయన కర్రచక్రాల బండెక్కింది. అప్పుడాయన నవ్విన నవ్వుకు నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మూసీ ఇసుకలో ఆ బండి ఇరుసుదాకా దిగబడింది. మా ఎడ్లు రెండింతల బరువుతో, తోకలూపుకుంటూ దాని పక్కనుంచే దాటిపోయాయి!

నాయనమ్మ దిగి, ఒడ్డున ఆగిన మా బండి దగ్గరికి నడిచొచ్చింది. ఎండకు ఇనుప పట్టా ఊడకుండా కర్రచక్రాలను తడిపినట్టే, ఏటినీళ్లు కడవతో తెచ్చి మా రబ్బరు చక్రాల మీద పోసింది.

"రబ్బరుకు నీళ్లెందుకే అమ్మా?" అన్నాడు నాయన.

ఆమె బస్తాల మీదికెక్కి కూర్చుంది.

"గింత బరువు మోసింది. గాలికి మాత్రం దూప గాదా?"